77 గిగాహెర్ట్జ్ ప్యాచ్ వరుస: కంప్యూటర్‌లో 76.5, బల్ల మీద 75.1

కుషాయిగూడ_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చర్లపల్లి వైపు ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. కారు వెనక బంపర్ మూలలో కూర్చునే రాడార్‌కు యాంటెన్నా గీసే పని నా మీద పడింది. మా దగ్గర ఇంతవరకు ఎవరూ 10 గిగాహెర్ట్జ్ దాటలేదు. ఆఫీసులో అడగడానికి మనిషి లేక ఇక్కడ అడుగుతున్నాను.

గీసింది ఇది. ఒకే తీగ మీద వరుసగా ఎనిమిది ప్యాచ్‌లు, అంటే చిన్న రాగి పలకలు, కింది చివర నుంచి ఫీడ్. రాగి కింద ఉండే పొర రోజర్స్ 3003 సబ్‌స్ట్రేట్, మందం 127 మైక్రాన్లు. ప్యాచ్ పొడవు 1.07 మిల్లీమీటర్లు. పక్క లోబ్‌లు, అంటే అసలు కిరణం పక్కన కారే చిన్న కిరణాలు, తగ్గాలని మధ్య ప్యాచ్‌లను వెడల్పుగా, చివరివాటిని సన్నగా పెట్టాను. మొత్తం వరుస పొడవు 19 మిల్లీమీటర్లు. సిమ్యులేషన్‌లో 76.5 గిగాహెర్ట్జ్ దగ్గర, యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తి పడిపోయే గుంట చక్కగా వచ్చింది. బోర్డు తయారై వచ్చాక 60 నుంచి 90 వరకు కొలిచే పరికరాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకుని చూస్తే అదే గుంట 75.1 దగ్గర ఉంది. మూడు బోర్డులు కొలిచాను, మూడూ 75.0కు 75.2కు మధ్యే.

మన దేశంలో ఈ పరిధిలో వాహన రాడార్‌కు లైసెన్సు అవసరం లేకుండా వదిలింది 76 దగ్గరే మొదలవుతుంది. అంటే నా యాంటెన్నా ఊరి పొలిమేర అవతల పడింది. తప్పు నాదా, బోర్డు వాళ్లదా?

లెక్కల_పంతులు · సోమవారం, రాత్రి 10:47

మూడు బోర్డులూ ఒకే చోట తప్పాయంటే అది అదృష్టమే. చెదురుమదురుగా తప్పితే ఏడవాలి, ఒకే వైపు తప్పితే దిద్దుకోవచ్చు.

ముందు కొలత సంగతి చూద్దాం. 76.5 దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 3.92 మిల్లీమీటర్లు. మీ ప్యాచ్ అంచుల దగ్గర క్షేత్రం కొంచెం బయటికి పొంగుతుంది కాబట్టి విద్యుత్ పరంగా దాని పొడవు 1.07 కాదు, దాదాపు 1.2. అందులో 20 మైక్రాన్లు పెరిగితే 1.7 శాతం, అంటే 1.3 గిగాహెర్ట్జ్ కిందికి. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు అది. మీ 1.4ను ఎచింగ్ ఒక్కటే, అంటే రాగిని కరిగించి ఆకారం తీసే పని ఒక్కటే తినేయగలదు. తిన్నదని అనడం లేదు, మైక్రోస్కోప్ కింద పెట్టి కొలవండి.

ఇంకా మూడు చూడాలి. సబ్‌స్ట్రేట్ పర్మిటివిటీ, అంటే తరంగాన్ని ఎంత కుదిస్తుందో చెప్పే అంకె, 3.00 అని కాగితం మీద ఉన్నా పక్కనే 0.04 అటూ ఇటూ అని కూడా ఉంటుంది. దాని వల్ల సుమారు అర గిగాహెర్ట్జ్. రెండోది రాగి గరుకుదనం. 77 దగ్గర ప్రవాహం రాగిలో 0.24 మైక్రాన్ల లోతు వరకే దిగుతుంది. అడుగు భాగం గరుకుగా ఉంటే ప్రవాహం గుట్టలెక్కి దిగాలి. నష్టం పెరుగుతుంది, పర్మిటివిటీ కూడా పెరిగినట్టే కనబడుతుంది. మూడోది అడగడానికి సిగ్గుగా ఉంది కానీ అడుగుతున్నాను. ప్యాచ్‌ల మీద సోల్డర్ మాస్క్, ఆ ఆకుపచ్చ రక్షణ పూత, ఉందా?

కుషాయిగూడ_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:53

ఉంది సార్.

లెక్కల_పంతులు · సోమవారం, రాత్రి 10:54

సిమ్యులేషన్‌లో?

కుషాయిగూడ_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:58

లేదు సార్.

పాత_డిష్ · మంగళవారం, ఉదయం 6:20

తెల్లవారుజామున నిద్ర లేచే అలవాటు వల్ల ఈ సంభాషణ చూశాను. మూడు దశాబ్దాలకు పైగా ఒక ప్రభుత్వ రంగ సంస్థలో యాంటెన్నాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని.

తమ్ముడూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు బోర్డు వాళ్లను అప్పుడే తిట్టకు. చంద్రయాన్-1 కోసం మన ఈసీఐఎల్ వాళ్లు బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల డిష్ గుర్తుందా? ఎక్స్ బ్యాండ్‌లో దాని తరంగం మూడున్నర సెంటీమీటర్లు. అంత పెద్ద పళ్లెంలో అక్కడక్కడ అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా అది సర్దుకుపోతుంది. నీ దగ్గర తప్పు గోరంతే, కానీ తరంగమూ గోరంతే. మాస్క్ 20 మైక్రాన్లు ఉంటుంది కదా? నీ సబ్‌స్ట్రేట్ మందంలో ఆరో వంతు. ఇంటి మీద ఇంకో అంతస్తు కట్టి, ప్లానులో చూపించలేదన్నమాట.

ఒక ప్రశ్న. బోర్డుకు పైపూత ఏమి వేయించావు? బంగారమా?

కుషాయిగూడ_కుర్రాడు · మంగళవారం, ఉదయం 8:05

అవును సార్, మామూలుగా వేయించే బంగారు పూతే. తుప్పు పట్టదని.

పాత_డిష్ · మంగళవారం, ఉదయం 8:31

బంగారం కింద నికెల్ ఉంటుంది. మూడు నుంచి ఆరు మైక్రాన్లు. పైన బంగారం ఒక మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు. పంతులు గారు చెప్పిన 0.24 మైక్రాన్లను గుర్తు చేసుకో. తీగ అంచుల్లో ప్రవాహమంతా నికెల్‌లోనే నడుస్తుంది. నికెల్ అయస్కాంత లోహం, రాగి అంత మంచి వాహకమూ కాదు. పెళ్లికూతురికి పైన పట్టుచీర కట్టి లోపల గోనెగుడ్డ తొడిగినట్టు. వెండి పూత అడుగు. నల్లబడుతుంది, నిజమే, మూత బిగించి గాలి తగలకుండా ఉంచుకో.

గొట్టం_పక్షం · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మీరంతా రోగికి మందు మీద మందు రాస్తున్నారు. రోగమే మైక్రోస్ట్రిప్, బోర్డు మీద గీసిన ఆ రాగి తీగ. 77 దగ్గర సెంటీమీటరుకు సుమారు ఒక డెసిబెల్ కరిగిపోతుంది. చిప్ నుంచి ప్యాచ్‌ల దాకా మూడు సెంటీమీటర్ల తీగ పాకిస్తే పంపేటప్పుడు మూడు, అందుకునేటప్పుడు మూడు డెసిబెళ్లు. గాలిలోకి వెళ్లక ముందే సగం శక్తి బోర్డును వేడెక్కించడానికే సరిపోయింది.

లోకం గొట్టాలకు తిరిగి వెళ్తోంది. ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి, లోపల లోహపు పూత వేసి, వేవ్‌గైడ్‌కు, అంటే తరంగాన్ని నడిపే గొట్టానికి, చీలికలు పెట్టి చేస్తున్నారు. చిప్ ప్యాకేజీ నుంచే నేరుగా గొట్టంలోకి తరంగం దిగేలా చిప్‌లు కూడా వచ్చాయి. బోర్డు మీద 77 గిగాహెర్ట్జ్ తీగే ఉండదు, అప్పుడు ఖరీదైన సబ్‌స్ట్రేట్‌తోనూ పని లేదు.

లెక్కల_పంతులు · మంగళవారం, సాయంత్రం 6:40

గొట్టం వాళ్లకు కూడా కొలతలు ఉంటాయి. 60 నుంచి 90 వరకు వాడే గొట్టం లోపలి వెడల్పు 3.1 మిల్లీమీటర్లు, ఎత్తు 1.55. రెండు సగాలు చేసి అతికిస్తే మధ్య సందులోంచి తరంగం జారిపోతుంది. అచ్చు చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుదించుకుంటుంది. ఎండలో నిలిపిన కారు బంపర్ వెనక మే నెలలో ఎంత వేడి ఉంటుందో బేగంపేటలో ఒక మధ్యాహ్నం నిలబడితే తెలుస్తుంది.

గొట్టం_పక్షం · మంగళవారం, సాయంత్రం 7:22

సందు సమస్యకు మందు 2009లోనే వచ్చింది. స్వీడన్‌లో చామర్స్ విశ్వవిద్యాలయంలో పెర్-సిమోన్ కిల్డాల్ ప్రతిపాదించిన గ్యాప్ వేవ్‌గైడ్. గాడికి రెండు వైపులా చిన్న చిన్న లోహపు మేకుల తోట పెడతారు. మేకుల ఎత్తు తరంగంలో సుమారు పావు వంతు. పై రేకు ఆ మేకులను తాకనే అక్కర్లేదు. సందు ఉన్నా తరంగం ఆ తోట దాటి పోలేదు, గాడిలోనే నడుస్తుంది. గట్టిగా బిగించాల్సిన చోట బిగించకుండానే పని జరిగిపోయే ఏర్పాటు. నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన కనబడలేదు.

అచ్చుల సంగతి అంటారా, బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ ఉన్న ఊరు మనది. చుట్టుపక్కల వీధుల్లో అచ్చులు చెక్కే వాళ్లు ఎందరో.

పాత_డిష్ · మంగళవారం, రాత్రి 8:10

గొట్టం గారితో సగం ఏకీభవిస్తాను. మా రోజుల్లో వేవ్‌గైడ్ చీలికలను మిల్లింగ్ యంత్రం మీద ఒక్కొక్కటిగా కోసేవాళ్లం. ఒక్క చీలిక తప్పితే మొత్తం పలక చెత్తబుట్టలోకే, ఆ సాయంత్రం ఎవరూ టీ తాగేవారు కాదు. అసలు ఈ దేశంలో మిల్లీమీటరు తరంగాలు కొత్తేమీ కావు. 1890ల్లోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గొట్టాలతో, హార్న్ యాంటెన్నాలతో మిల్లీమీటర్లలో కొలిచే తరంగాలను నడిపించి చూపించారు.

కానీ తమ్ముడు అడిగింది వంద బోర్డుల పని. అచ్చు ఖర్చు లక్షల్లో ఉంటుంది, వంద ముక్కలకు అచ్చు చేయిస్తే వాళ్ల యజమాని ఇతన్నే అచ్చులో పోస్తాడు. ప్యాచ్‌తో నేర్చుకోనీ.

ఓఆర్ఆర్_ప్రయాణికుడు · మంగళవారం, రాత్రి 9:02

నేను ఇంజనీరును కాదు, కారు నడిపేవాడిని. ఒక సందేహం. ఔటర్ మీద ఖాళీ రోడ్డులో పోతుంటే పైన సైన్‌బోర్డు గాంట్రీ వచ్చినప్పుడు నా కారు ఒక్కోసారి ఎదురుగా ఏదో ఉందన్నట్టు బ్రేకు తడుముతుంది. వెనక లారీ ఉంటే గుండె జారిపోతుంది. దీనికీ యాంటెన్నాకూ సంబంధం ఉందా?

లెక్కల_పంతులు · మంగళవారం, రాత్రి 9:48

ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ కూడా కారణం కావచ్చు, మీ కారును చూడకుండా తీర్పు చెప్పను. ఎలా జరగవచ్చో మాత్రం చెప్తాను. కుర్రాడి గారి బోర్డుకూ దీనికీ చుట్టరికం ఉంది.

ఒక తీగ మీద వరుసగా పెట్టిన ప్యాచ్‌లన్నీ ఒకే తాళంలో మోగితే కిరణం తిన్నగా ముందుకు పోతుంది. ప్యాచ్‌కూ ప్యాచ్‌కూ మధ్య దూరం తీగలోని తరంగానికి సరిగ్గా ఒకటికి ఒకటి ఉన్నప్పుడే ఆ తాళం. పౌనఃపున్యం పెరిగితే ప్రతి ప్యాచ్ ముందుదాని కంటే కాస్త ఆలస్యంగా మోగుతుంది, కిరణం తీగ చివరి వైపు వాలుతుంది. ఈ బోర్డు లెక్కలో గిగాహెర్ట్జ్‌కు సుమారు 1.2 డిగ్రీలు. 75.1 దగ్గర కుదిరిన వరుసను 76.5 దగ్గర వాడితే ఒకటిన్నర డిగ్రీ పైన తేడా వస్తుంది. ఫీడ్ కింద ఉంది కాబట్టి కిరణం పైకి లేస్తుంది. ఒకటిన్నరే అనుకున్నా 100 మీటర్ల దూరంలో 2.6 మీటర్ల ఎత్తు. రోడ్డు మీది బండిని చూడవలసిన కన్ను గాంట్రీ వైపు చూస్తుంది. గాంట్రీ మీద ఉండేది నిలువు లోహపు పలక, లారీ కన్నా గట్టిగా ప్రతిధ్వనించవచ్చు.

పైగా చాలా రాడార్‌లలో ఎత్తును కొలిచే ఏర్పాటు బలహీనం. అడ్డంగా ఎనిమిది స్థానాలు పెడతారు, నిలువుగా ఒకటో రెండో. బండ్లు ఒకదాని మీద ఒకటి నడవవని అనుకుని చేసిన పొదుపు అది. మెట్రో స్తంభాల మీది వయాడక్ట్ కింద నడిచే ఊరికి అది చాలదు.

చార్మినార్_చౌరస్తా · బుధవారం, ఉదయం 7:35

అడ్డంగా ఎనిమిది స్థానాలు అంటే? చిప్‌లో ఉండేది నాలుగు రిసీవర్లే కదా?

లెక్కల_పంతులు · బుధవారం, ఉదయం 9:10

మంచి ప్రశ్న, కాస్త తీరికగా చెప్తాను. నాలుగు రిసీవర్లను సగం తరంగం ఎడంతో, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల ఎడంతో పెట్టారు అనుకోండి. ట్రాన్స్‌మిటర్లు రెండు. వాటి మధ్య ఎడం నాలుగు సగాలు, అంటే రెండు తరంగాలు. మొదటి ట్రాన్స్‌మిటర్ మోగినప్పుడు నాలుగు రిసీవర్లు వింటాయి. రెండోది మోగినప్పుడు కూడా అవే నాలుగు వింటాయి, కానీ మోగిన చోటు పక్కకు జరిగింది కాబట్టి రిసీవర్లే నాలుగు గళ్లు జరిగినట్టు లెక్క తేలుతుంది. మొత్తం ఎనిమిది. నలుగురు కూలీలతో రెండు పూటలా పని చేయించి ఎనిమిది మంది పని రాసుకోవడం.

ఎనిమిది స్థానాలకు కోణపు స్పష్టత సుమారు 14 డిగ్రీలు. 30 మీటర్ల దూరంలో అది ఏడున్నర మీటర్లు! అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏడున్నర మీటర్ల వెడల్పులో ఒక ఆర్టీసీ బస్సు, రెండు ఆటోలు, నాలుగు బైకులు, మధ్యలో రోడ్డు దాటే ఒక తల్లీబిడ్డా ఉంటారు. ఆ రాడార్‌కు కోణంలో వాళ్లంతా ఒక్కటే ముద్ద. దూరంలో, వేగంలో తేడా ఉంటే విడదీస్తుంది, అందరూ ఆగి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. దూరపు స్పష్టత ఎంత అంటే, 1 గిగాహెర్ట్జ్ వెడల్పు వాడితే 15 సెంటీమీటర్లు. దూరం విషయంలో డేగ కన్ను, కోణం విషయంలో రేచీకటి.

నాలుగు చిప్‌లు కలిపి 12 ట్రాన్స్‌మిటర్లు, 16 రిసీవర్లు పెట్టే అమరికలు ఉన్నాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల అలాంటి బోర్డులో అడ్డంగా 86 వేర్వేరు స్థానాలు తేలుతాయి, స్పష్టత 1.4 డిగ్రీలు. అదే 30 మీటర్ల దగ్గర 70 సెంటీమీటర్ల చిల్లర. అప్పుడు బస్సు పక్కన నడిచే మనిషి వేరే చుక్కగా కనబడతాడు. బస్సు ప్రతిధ్వని పదుల చదరపు మీటర్లలో, మనిషిది ఒక చదరపు మీటరు కంటే తక్కువ. పక్క లోబ్‌లు ఎత్తుగా ఉంటే బస్సు నీడలోనే మనిషి మునిగిపోతాడు. అందుకే కుర్రాడి గారు ప్యాచ్ వెడల్పులు మార్చిన పని వృథా కాదు. కాకపోతే ఆయనది నిలువు వరుస, అక్కడ ఆ పని కోణాన్ని కాదు ఎత్తును కాపాడుతుంది. అడ్డంగా పక్క లోబ్‌లను లెక్కలోనే, విన్న సంకేతాలకు తూకాలు వేసి తగ్గించుకోవాలి.

మోడరేటర్ · బుధవారం, ఉదయం 9:30

పంతులు గారి పోస్టును పైన పిన్ చేశాను. ఒకరు సందేశం పంపారు: చర్చ తెలుగులో నడుస్తోంది కాబట్టి యాంటెన్నాకు తెలుగు మాట వాడాలట. ఇంటర్ జంతుశాస్త్రంలో బొద్దింకకు ఉండేవాటిని స్పర్శశృంగాలు అన్నారు. ఎనిమిది ప్యాచ్‌ల స్పర్శశృంగం అని రాయమంటారా? యాంటెన్నాతోనే కొనసాగండి.

రేకుల_షెడ్డు · బుధవారం, రాత్రి 11:05

మూసాపేట వైపు బండ్లకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు ఈ చర్చ చూపించాడు. మీరు మైక్రాన్ల గురించి ఇంత కొట్టుకుంటున్నారు. బంపర్ వెనక మూల అన్నారు కదా, ఈ ఊళ్లో ముందుగా గుద్దుకునేది ఆ మూలే. పార్కింగ్‌లో స్తంభం, ట్రాఫిక్‌లో ఆటో.

అది చిట్లితే మేము ఏమి చేస్తామో చెప్తాను. లోపలి వైపు సన్నని స్టీలు జాలీ పెట్టి, వేడి పరికరంతో ప్లాస్టిక్‌లోకి దించి అతికిస్తాం. పైన పుట్టీ పట్టించి, రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు కొట్టి, క్లియర్ కొడతాం. అద్దంలా ఉంటుంది, ఎవరూ కనిపెట్టలేరు. ఈ మధ్య ఒకాయన వచ్చి, పక్క బండి వస్తే వెలిగే దీపం మీరు రిపేరు చేసినప్పటి నుంచి వెలగడం లేదని గొడవ పెట్టుకున్నాడు. నేను ముట్టుకోని వస్తువు ఎలా పాడవుతుందని నేనూ అరిచాను. మీ మాటలు చదివాక అనుమానం వస్తోంది. తప్పు నాదేనా?

పాత_డిష్ · గురువారం, ఉదయం 6:05

అయ్యా, మీ అనుమానం నిజమే. ఈ చర్చలో అందరికంటే పెద్ద విషయం మీరు చెప్పారు. జాలీ కన్నాలు ఎంత ఉంటాయి? ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర? తరంగం నాలుగు మిల్లీమీటర్లు. అంత చిన్న కన్నాల జాలీ ఆ తరంగానికి రేకుతో సమానం. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులో కన్నాల రేకు ఉంటుంది చూడండి, దాని పని కూడా అదే. మీరు రాడార్ కంటికి అద్దం కాదు, షట్టరు బిగించారు.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. బంపర్ వెనక రాడార్ ఉందని దాని మీద ఎవరూ రాసి పెట్టరు. ఆ జాగాలో జాలీ వద్దని, పుట్టీ వద్దని మీకు చెప్పిన వాళ్లు లేరు.

లెక్కల_పంతులు · గురువారం, ఉదయం 10:20

బంపర్ గురించి లెక్క కూడా పెడతాను, కుర్రాడి గారికి పనికి వస్తుంది. బంపర్ ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్ ఆధారంగా చేసినది, పర్మిటివిటీ సుమారు 2.35 అనుకుందాం. దాని లోపల తరంగం 2.56 మిల్లీమీటర్లకు కుదించుకుంటుంది. మందం దానిలో సగానికి, అంటే 1.28కి గుణిజంగా ఉంటే లోపలి ముఖం ప్రతిధ్వనీ బయటి ముఖం ప్రతిధ్వనీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 2.56 మిల్లీమీటర్ల బంపర్ రాడార్‌కు కిటికీ. 3.2 మిల్లీమీటర్లది కిటికీకి తెర. తిన్నగా తగిలే శక్తిలో 16 శాతం వెనక్కి కొడుతుంది.

దాటడంలో పోయేది రానూపోనూ కలిపి ఒకటిన్నర డెసిబెలే, అది భరించవచ్చు. వెనక్కి వచ్చిన ఆ 16 శాతం బోర్డుకూ బంపర్‌కూ మధ్య బంతిలా ఎగిరి రిసీవర్లలో దూరడమే అసలు చికాకు. ఒక్కో రిసీవర్‌లో ఒక్కో రకంగా దశ మారుతుంది, కోణం అబద్ధం చెబుతుంది. అందుకే సెన్సార్‌ను బంపర్‌కు కొంచెం వాలుగా బిగిస్తారు, తిరిగి వచ్చేది పక్కకు పోవాలని.

రంగులో అల్యూమినియం పొడి ఉంటే, వెండి రంగు, బూడిద రంగు బండ్లలో, ఆ పలుచని పొర కూడా గట్టిగా ప్రతిధ్వనిస్తుంది. ఒక పూతకు సరిపడా డిజైను చేస్తారు, మూడుసార్లు కొడితే లెక్క తప్పుతుంది. ఒకవైపు 3 డెసిబెళ్లు పోతే రానూపోనూ 6. రాడార్‌లో ప్రతిధ్వని దూరానికి నాలుగో ఘాతంతో తగ్గుతుంది కాబట్టి 100 మీటర్లు కనబడే బండి 71 దగ్గరే కనబడుతుంది.

ఓఆర్ఆర్_ప్రయాణికుడు · గురువారం, ఉదయం 10:41

వాన పడితే?

లెక్కల_పంతులు · గురువారం, ఉదయం 10:55

గాలిలో పడే చినుకుల కంటే బంపర్ మీద పొరలా నిలిచే నీటితోనే బాధ. అర మిల్లీమీటరు నీటి పొర ఒకవైపునే పది డెసిబెళ్లకు పైగా మింగుతుంది. బురద కూడా తడిగా ఉన్నప్పుడే చెడ్డది, ఎండితే నయం.

గొట్టం_పక్షం · గురువారం, మధ్యాహ్నం 2:30

గొట్టం పెట్టినా బంపర్ బంపరే, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక చిన్న విషయం మరవకండి. కుర్రాడి గారూ, మీ రిసీవర్ వరుసలు నాలుగే పెట్టి ఉంటే, రెండు చివర్లలో ఒక్కో ఉత్త వరుస కూడా పెట్టండి, దేనికీ కలపకుండా చివర రెసిస్టెన్స్‌తో ముగించినవి. లేకపోతే మధ్య వరుసలకు రెండు పక్కలా చుట్టాలు, చివరి వరుసలకు ఒక పక్కే. నాలుగింటి గొంతు నాలుగు రకాలుగా వస్తుంది.

కుషాయిగూడ_కుర్రాడు · శనివారం, రాత్రి 9:15

ఇన్ని సలహాలకు ఏమని కృతజ్ఞతలు చెప్పను. ఈ మూడు రోజుల్లో చేసినవి రాస్తున్నాను.

మైక్రోస్కోప్ కింద ప్యాచ్ పొడవు 1.08 వచ్చింది, అంటే 10 మైక్రాన్లు ఎక్కువ. బోర్డు వాళ్లను అడిగితే ఎచింగ్‌లో సన్నబడుతుందని వాళ్లే ముందుగా గీతలను కాస్త లావు చేశారట. మామూలు బోర్డుకు అది సాయం, నాకు 0.6 గిగాహెర్ట్జ్ దెబ్బ. ఒక బోర్డు మీద మాస్క్‌ను ఓపికగా గీకి తీశాను. గుంట 75.8కి వచ్చింది. అంటే మాస్క్ వాటా 0.7. మిగిలిన 0.1 రాగి గరుకుదనమో, నా గోకుడో.

కొత్త బోర్డుకు మాస్క్‌లో కిటికీ తెరిచాను, వెండి పూత అడిగాను, గీతలు లావు చేయవద్దని పెద్ద అక్షరాలతో రాశాను. చివర్లలో ఉత్త వరుసలు కూడా పెట్టాను. రావడానికి రెండు వారాలు.

ఈలోగా ప్రతిధ్వని కొలవడానికి మూలరేకు చేశాను. రాణీగంజ్‌లో అల్యూమినియం రేకు కొని, 10 సెంటీమీటర్ల అంచుతో మూడు త్రిభుజాలు కోసి, గది మూలలా అతికించాను. అరచేతిలో పట్టే వస్తువు, లెక్క ప్రకారం 27 చదరపు మీటర్ల లక్ష్యం, కారు కన్నా పెద్దది! మొదటిసారి మూడు పలకల మధ్య కోణం 90 సరిగ్గా రాలేదు, ప్రతిధ్వని సగం కూడా లేదు. రెండోసారి వడ్రంగి మూలమట్టం పట్టి అతికించాను.

షెడ్డు గారూ, ఒక మనవి. పనికిరాని బంపర్ ముక్కలు మీ దగ్గర ఉంటాయా?

రేకుల_షెడ్డు · శనివారం, రాత్రి 10:40

కుప్పలుగా ఉన్నాయి. డబ్బులు వద్దు. ఆ వెలగని దీపం ఆయనకు ఫోను చేశాను, కొత్త బంపర్ మీద మజూరీ వదులుకుంటానని చెప్పాను. నాకు అర్థమయ్యేలా మీరు ఒకసారి చూపించాలి, అంతే.

కుషాయిగూడ_కుర్రాడు · 17 రోజుల తర్వాత, రాత్రి 8:50

కొత్త బోర్డు 76.4. మూడింటిలో రెండు సరిగ్గా, ఒకటి 76.3.

దాన్ని చిప్‌తో కలిపి షెడ్డు గారి ప్రాంగణంలోనే పెట్టాం. 20 మీటర్ల దూరంలో స్టూలు మీద మూలరేకు, మధ్యలో ఒక్కో బంపర్ ముక్క. 2.6 మిల్లీమీటర్ల రంగు లేని ముక్క పెడితే ప్రతిధ్వని 0.8 డెసిబెళ్లు తగ్గింది. 3.1 ముక్కకు 2.3, పైగా మూలరేకు ఉన్న చోటు నుంచి ఒక డిగ్రీ పక్కకు జరిగినట్టు చూపించింది. వెండి రంగు రెండుసార్లు కొట్టిన ముక్కకు 5 దాటింది. జాలీ ముక్క పెట్టగానే తెర మీద మూలరేకు చుక్క మాయం. షెడ్డు గారు ముక్క తీసి చూశారు, చుక్క వచ్చింది. మళ్లీ పెట్టారు, పోయింది. అలా ఏడెనిమిది సార్లు చేశారు. ఆ తర్వాత లోపలికి వెళ్లి వేడి పరికరం పక్కన గోడ మీద సుద్దముక్కతో ఏదో రాశారు.

గొట్టం_పక్షం · 17 రోజుల తర్వాత, రాత్రి 9:12

ఏమి రాశారు?

రేకుల_షెడ్డు · 17 రోజుల తర్వాత, రాత్రి 11:30

వెనక మూలలకు జాలీ వద్దు, ముందు అడుగు అని. మా కుర్రాళ్ల కోసం.

కుర్రాడు గారూ, ఆదివారం వీలైతే రండి. నాలుగుసార్లు రంగు మార్చిన బంపర్ ఒకటి వచ్చింది, లోపల పుట్టీ ఎంతుందో నాకే తెలియదు. మందం కొలిచే పరికరం మీరే తెచ్చుకోండి.